వార్తాపత్రిక – పాఠకుడు – గ్రంథాలయము



గ్రామ గ్రంథాలయమునకు వచ్చువారిలో పుస్తకము కొరకు వచ్చువారు కొందరు, పత్రిక కొరకు వచ్చువారు పెక్కుమంది. గ్రంథాలయములను నడుపువారందరికి ఈ సంగతి తెలిసినదే. బీరువాలలో కావ్యములు, పురాణములు, చరిత్రలు కదలక కూర్చుండగా పత్రికల బల్ల చుట్టు మాత్రము కుర్చీ దొరకదు. కొందరు పెద్దలు దీనిని జూచి విచారింతురు. పత్రిక యనగా ఒకనాటి ముచ్చట, మరునాటికి పొట్లము కట్టు కాగితము. దానికింత ఆదరమేల యని వారి ప్రశ్న. ప్రశ్న సహేతుకమే. కాని పత్రికను చదువుట తేలిక పని యని తలచుటలోనే పొరపాటున్నది. పుస్తకమును ఒంటరిగా చదివి ఆనందింపవచ్చును. పత్రికను చదివి ఊరకుండుట చాలదు. అందలి మాట నిజమా కాదా, అది ఎవరికి సంబంధించినది, దానివలన తానేమి చేయవలసియున్నది అని పాఠకుడు యోచింపవలెను. పత్రికలో సగమును సంపాదకుడు వ్రాయును. తక్కిన సగమును పాఠకుడు పూరింపవలెను. ఆ సగము పూరింపబడనినాడు పత్రిక వట్టి కాగితమే. ఆ పనికి గ్రామములో తగిన స్థలము గ్రంథాలయమే యని చూపుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

తెలుగు పత్రికల చరిత్ర నూటయెనుబది యేండ్లకు పైబడినది. 1842లో చెన్నపట్టణము నుండి సయ్యద్ రహమతుల్లా అనువారు 'వర్తమాన తరంగిణి'ని వెలువరించిరి. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 'వివేకవర్ధని'ని స్థాపించి లంచగొండితనమును, సంఘమందలి దురాచారములను ఎదుర్కొనిరి. 1902లో మచిలీపట్టణమున 'కృష్ణాపత్రిక' పుట్టెను. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు దానికి సంపాదకులై యుండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయి నగరము నుండి 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణము నుండి దినపత్రికగా నడపసాగిరి. 1938లో 'ఆంధ్రప్రభ' వచ్చెను. దానికి తొలి సంపాదకులైన ఖాసా సుబ్బారావుగారు ఈ నెల్లూరు జిల్లాలోని కావలిలో జన్మించినవారు.

ఈ పత్రికలు పెరిగిన కాలముననే తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము కూడ పెరిగెను. 'ఆంధ్రపత్రిక' దినపత్రికయైన 1914వ సంవత్సరముననే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర గ్రంథాలయములను నెలకొల్పుటకు నడుము కట్టిరి. ఈ రెండు ఉద్యమములు ఒకే సంవత్సరమున బలము పుంజుకొనుట కేవలము కాకతాళీయము కాదు. పత్రికకు పాఠకుడు కావలెను. గ్రామమున చదువు వచ్చినవారు బహు స్వల్పము. అందుచేత ఒకడు బిగ్గరగా చదువుట, పదిమంది చుట్టును కూర్చుండి వినుట అను పద్ధతి ఏర్పడెను. ఒక్క ప్రతి ఊరంతటికి సరిపోయెడిది. చదువువాడు ఒక్కడే యైనను వినువారు ఊరకుండలేదు. నడుమ నడుమ ఆపి ప్రశ్నించిరి, తర్కించిరి, సందేహించిరి. అక్షరము రాని వారు కూడ పత్రికకు పాఠకులైరి.

పత్రికకును గ్రంథాలయమునకును గల ఈ బాంధవ్యమునకు ఒక మహనీయుని జీవితమే నిదర్శనము. ఆయన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1908లో తిరునల్వేలిలో ప్రజలపై కాల్పులు జరిగినప్పుడు, బెజవాడ నుండి వెలువడు 'స్వరాజ్య' పత్రికలో 'క్రూరమైన విదేశీ పులి' అను శీర్షికతో ఒక వ్యాసము ప్రకటింపబడెను. పులి యెవరో పాఠకులకు తెలియును, ప్రభుత్వమునకును తెలియును. హరిసర్వోత్తమరావుగారిపై రాజద్రోహ నేరము మోపి మూడేండ్ల కఠినశిక్ష విధించిరి. అంతటి శిక్ష ననుభవించి వచ్చిన సంపాదకుడు తరువాత తన జీవితమున అధికభాగమును దేనికి ధారపోసెను? గ్రంథాలయములకును, వయోజన విద్యకును. ఇందులో గొప్ప అర్థమున్నది. ఎంత ధైర్యముతో వ్రాసినను, చదువగలవాడు లేనిచో ఆ ధైర్యము గాలిలో దీపమే యగును. వ్రాయువారిని తయారుచేయుట కంటె చదువువారిని తయారుచేయుట పెద్దపని యని ఆయన జీవితము చాటుచున్నది.

పులి పేరు చెప్పి దొరను విమర్శించు నేర్పు తెలుగువారికి మాత్రమే పరిమితమైనది కాదు. ఐరోపా ఖండమునకు నట్టనడుమ చెక్ జాతి యొకటి కలదు. నేటికిని వారి జనసంఖ్య కోటికి కొంచెము పైబడి యుండును. మూడువందల యేండ్లకు పైగా ఆస్ట్రియా చక్రవర్తుల యేలుబడిలో నుండి, తమ భాష కచేరీలలో వినబడక, జర్మను భాషదే పైచేయిగా నుండగా, ఆ జాతి తన భాషను నిలువబెట్టుకొనిన సాధనములలో పత్రిక ముఖ్యమైనది. పత్రికకు వారి భాషలో పేరు 'నొవినీ'. క్రొత్త సంగతులని దాని అర్థము.

వారిలో కారెల్ హావ్లీచెక్ అను సంపాదకుడు 1846లో ప్రాగ్ నగరమున ఒక పత్రికను నడుప బూనెను. ప్రభుత్వపు కత్తెర చాల పదునైనది. ఆస్ట్రియా పాలనను గూర్చి ఒక్క మాట వ్రాయుటకు వీలులేదు. అతడు ఒక ఉపాయము పన్నెను. ఇంగ్లండుపై ఐర్లండు ప్రజలు చేయుచున్న ఆందోళనను గూర్చి పుంఖానుపుంఖముగా వార్తలు వ్రాసెను. ఇంగ్లండు యనుచోట ఆస్ట్రియా యనియు, ఐర్లండు యనుచోట తమ దేశమనియు చెక్ పాఠకులు చదువుకొనిరి. కత్తెర పట్టినవారికి కోయదగిన మాట యొక్కటియు దొరకలేదు. 1848లో కొంత స్వేచ్ఛ రాగా అతడు 'నారొద్నీ నొవినీ' అను స్వంత పత్రికను స్థాపించెను. దానిని నిషేధించిరి. ప్రాగ్ విడిచి కూత్నా హోరా అను చిన్న పట్టణమునకు పోయి 'స్లొవాన్' అను మరియొక పత్రికను నడపెను. దానిని కూడ నిలిపివేయవలసి వచ్చెను. 1851 డిసెంబరు నెలలో ఒకనాటి రాత్రి రక్షకభటులు వచ్చి అతనిని ఇంటి నుండి కొనిపోయి, ఆల్ప్సు పర్వతములలోని బ్రిక్సెన్ పట్టణమున ప్రవాసమున నుంచిరి. 1855లో తిరిగి వచ్చునప్పటికి భార్య గతించి యుండెను. మరుసటి యేటనే అతడును క్షయవ్యాధితో మరణించెను. అప్పటికతనికి ముప్పదియైదేండ్లు నిండలేదు. అతడు స్థాపించిన పత్రికలు రెండును పోయినవి. కాని ఆ పత్రికలను చదివిన పాఠకుడు మిగిలెను. మార్పు తెచ్చినవాడు ఆ పాఠకుడే.

అదే దేశమున బ్రనో నగరము నుండి 1893లో 'లిదొవే నొవినీ' అను పత్రిక వెలువడెను. 'ప్రజల వార్తాపత్రిక' అని దాని భావము. 'రోబో' యని నేడు బడిపిల్లలు పలుకు మాటను తన నాటకము ద్వారా లోకమునకు అందించిన రచయిత కారెల్ చాపెక్ 1921 మొదలు 1938లో చనిపోవువరకు ఆ పత్రికలో ఉద్యోగి. అంతటివాడు దినపత్రికలో తోటపనిని గూర్చియు, కుక్కపిల్లలను గూర్చియు, వీధిలో కనబడు సామాన్యులను గూర్చియు వ్రాసెను. సామాన్యుని దినచర్య పత్రికకు తగని విషయము కాదని అతడు భావించెను. యుద్ధానంతరము 1948లో ఏకపక్ష ప్రభుత్వము వచ్చెను. 1952లో ఆ పత్రిక మూతబడెను. ప్రభుత్వ పక్షపు పత్రిక 'రూదే ప్రావో' మాత్రము లక్షలాది ప్రతులు అచ్చగుచుండెను.

1968లో ఆ దేశమున కొన్ని నెలలపాటు స్వేచ్ఛావాయువులు వీచెను. ఆ జూన్ మాసమున పత్రికలపై ముందస్తు తనిఖీని చట్టము ద్వారా రద్దు చేసిరి. ఆగస్టు 20వ తేదీ రాత్రి సోవియట్ రష్యా, దాని మిత్రదేశముల సైన్యములు దేశములోనికి చొచ్చుకొని వచ్చెను. ప్రాగ్ నగరములోని ఆకాశవాణి భవనమును కాపాడుటకు జనులు నిరాయుధులై ట్యాంకులకు అడ్డుగా నిలిచిరి. రహస్య స్థలముల నుండి రేడియో ప్రసారములు సాగుచునే యుండెను. వీధుల పేర్లు, దారి చూపు పలకలు తొలగింపుడని రేడియో కోరగా జనులు వెంటనే తొలగించిరి. పరదేశపు సైనికులకు ఏ దారి ఎటు పోవునో తెలియకపోయెను. వార్తను విన్నవాడు చేతులు ముడుచుకొని కూర్చుండక తనవంతు పని చేయుట యన ఇది.

తరువాత మరల ఇరువది యేండ్లు చీకటి. ఆ కాలమున చెక్ పాఠకులు చేసిన పని గ్రంథాలయాభిమానులందరును తెలిసికొనదగినది. అచ్చుకు నోచుకొనని వ్రాతలను వారు టైపు మిషనుపై కార్బను కాగితములు పెట్టి పదియో పన్నెండో ప్రతులు తీసిరి. ప్రతి చేతికి అందినవాడు చదివి మరియొకనికి ఇచ్చెను. వీలున్నవాడు మరల టైపుచేసి మరికొన్ని ప్రతులు చేసెను. అడుగు ప్రతిలో అక్షరములు మసకబారి కనుచూపునకు కష్టముగా నుండెడివి. అయినను జనులు ఆ మసక ప్రతినే నమ్మిరి. ఆ విధముగనే 1988 జనవరిలో 'లిదొవే నొవినీ' రహస్య మాసపత్రికగా తిరిగి ప్రాణము పోసికొనెను. 1989 అక్టోబరులో దాని సంపాదకులు యిరి రుమ్ల్, రుడోల్ఫ్ జెమాన్ అనువారిని నిర్బంధించిరి. నవంబరులో ప్రజలు వీధులలోనికి రాగా ప్రభుత్వమే మారిపోయెను, సంపాదకులు విడుదలైరి. లక్షల ప్రతుల బలము ఓడి, పది ప్రతుల బలము గెలిచెను. పత్రిక బలము యంత్రమును బట్టి గాని కాగితమును బట్టి గాని వచ్చునది కాదు. అది పాఠకుని నమ్మకమును బట్టి వచ్చును.

భారతదేశమున కూడ అట్టి కాలము కొద్దిగా రుచి చూపి పోయినది. 1975 జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి, పత్రికలపై తనిఖీ వచ్చెను. జూన్ 28న 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' తన సంపాదకీయ స్థలమును ఖాళీగా విడిచి ప్రకటించెను. ఏ అక్షరమును లేని ఆ తెల్లని చోటును దేశములోని పాఠకులు తప్పు లేకుండ చదివిరి. ఇరువదియొక్క మాసముల తరువాత 1977లో జరిగిన ఎన్నికలలో తాము చదివినదేమో వారు తెలియజేసిరి.

ఇక ఇంటికి వచ్చి నెల్లూరు జిల్లాను జూతము. ఈ జిల్లాకు పత్రికల సంప్రదాయము క్రొత్తది కాదు. వెంకటగిరి మొదలగు జమీందారీల రైతులు శిస్తుల బరువును, అడవి పోరంబోకులపై ఆంక్షలను ఎదిరించి ఉద్యమించిన దినములలో నెల్లూరు వెంకట్రామానాయుడుగారి సంపాదకత్వమున 'జమీన్ రైతు' వారపత్రిక వారి పక్షమున నిలిచెను. దానిపేరే దాని ఉద్దేశమును చెప్పుచున్నది. జమీందారీలు 1948 నాటి మద్రాసు చట్టముతో రద్దయ్యెను గాని ఆ పత్రిక తరువాత కూడ జిల్లా పాఠకులకు సుపరిచితముగనే నిలిచెను. చెన్నపట్టణపు దినపత్రికలు దేశ వార్తలను తెచ్చుచుండగా, జిల్లాలోని రైతు కష్టమును జిల్లా వారపత్రిక పట్టించుకొనెను.

దినపత్రికలు పల్లెలవైపు తిరిగినది అటుపిమ్మటనే. 1974 ఆగస్టులో విశాఖపట్టణమున ప్రారంభమైన 'ఈనాడు' 1989లో ప్రతి జిల్లాకును ప్రత్యేకముగ అనుబంధమును అచ్చువేయ నారంభించెను. తక్కిన పత్రికలును ఆ దారినే నడచినవి. అంతవరకు హైదరాబాదు, ఢిల్లీల ముచ్చట్లే చదివిన పల్లెవాసి తన మండలము పేరును, తన చెరువు పేరును అచ్చులో చూడగలిగెను. వార్త యెక్కడనో పుట్టి ఇచ్చటికి వచ్చుట మాత్రమే కాదు, ఇచ్చట కూడ పుట్టునని తెలిసెను.

అట్లు పుట్టిన వార్తలలో అన్నిటికంటె గొప్పది ఈ పడమటి నెల్లూరు సీమలోనే పుట్టినది. సంగమునకు, ఆత్మకూరునకు ఉత్తరముగ ఉదయగిరి ప్రాంతమున కలిగిరి మండలములో దూబగుంట యను గ్రామము కలదు. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము ప్రారంభమయ్యెను. పగలెల్ల కూలినాలి చేసికొని వచ్చిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుతురున పలకలు పట్టిరి. వారు చదివిన వాచకమున 'సీతమ్మ కథ' యను పాఠ మొకటి యుండెను. భర్త త్రాగుడు వలన నాశమైన ఇల్లాలి కథ యది. అక్షరములు కూడబలుకుకొని చదివిన ఆ స్త్రీలకు అది పాఠమువలె కాక తమ ఇండ్లలోని సంగతివలె తోచెను. పాఠము ముగిసిన పిమ్మట చర్చ సాగెను. కూలి డబ్బు ఇంటికి రాక సారా దుకాణమునకు పోవుచున్నదేల? ఊరిలో దుకాణము ఉండవలెనని ఎవరు నిర్ణయించిరి? ఈ ప్రశ్నలతో దూబగుంట స్త్రీలు దుకాణమువద్దకు నడచి దానిని మూయించిరి. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు తరువాత ఊరి పేరునే ఇంటిపేరుగా చేసికొన్నట్లు దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి చెందిరి.

ఆ తరువాత జరిగినది పత్రికా చరిత్రలో ప్రత్యేకముగ గుర్తింపదగినది. దూబగుంట సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అను పేరుతో అక్షరాస్యతా ఉద్యమపు మలివాచకములో పాఠముగా చేరెను. ఒక ఊరివారు చేసినపని మరియొక ఊరివారికి చదువు అయ్యెను. చదివినవారు తమ ఊరిలో అదే పని చేసిరి. 1992లో జిల్లా యంతట ఈ ఉద్యమము ప్రాకెను. నెల్లూరులో జరుగవలసిన సారా వేలంపాటలు స్త్రీల ప్రతిఘటన వలన పలుమారులు వాయిదా పడెను. అప్పుడు దినపత్రికలు దీనిని చేపట్టెను. 'ఈనాడు' సారా వ్యతిరేకోద్యమమునకు ఒక ప్రత్యేక పుటనే కేటాయించి దినదినము ఊరూర వార్తలను ప్రకటించెను. ఉద్యమము చిత్తూరు, కర్నూలు మొదలగు జిల్లాలకు వ్యాపించెను. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును ప్రకటించిరి.

ఇందులో పత్రిక చేసిన పని యేది, పాఠకులు చేసినపని యేది యని విడదీసి చూడవలెను. ఉద్యమమును పత్రిక పుట్టింపలేదు. పలక పట్టిన స్త్రీలు పుట్టించిరి. కాని పత్రిక లేనిచో దూబగుంట మాట దూబగుంటలోనే నిలిచియుండెడిది. జిల్లా అనుబంధములో ఒక లోపమున్నది. ఒక జిల్లా పుట ప్రక్క జిల్లాకు పోదు. ఉదయగిరి కొండలకు ఇవతల జరిగినది అవతల బద్వేలు రైతుకు తెలియదు. వాని బాధ వీనికి తెలియదు. ఎవరి ఊరి ముచ్చట వారికే వడ్డించినచో పత్రిక అద్దమగునే గాని కిటికీ కాదు. సారా ఉద్యమ వార్తలు అనుబంధమును దాటి రాష్ట్రమంతటికి పోయెను కనుకనే అవి శాసనము వరకు పోగలిగెను.

ఈ కథకు తుదిభాగము కూడ కలదు, దానిని మరువరాదు. 1997లో సంపూర్ణ మద్యనిషేధము ఎత్తివేయబడెను. ఖజానాకు ఆదాయము చాలదనుట, దొంగసారా ప్రబలినదనుట నాడు చెప్పిన కారణములు. ఆ కారణములు ఎంతవరకు సరియైనవో వాదింపవచ్చును. కాని నాలుగైదేండ్ల క్రిందట ఏ పల్లెలలో స్త్రీలు ఏ మాటలు చెప్పిరో, ప్రభుత్వము ఏ మాట యిచ్చెనో తేదీలతో సహా చూపుటకు పల్లెలలో ఎందరివద్ద పాత పత్రికలు మిగిలియుండెను? పత్రికలు పొట్లములుగా పోయినవి. వానితోపాటు జ్ఞాపకమును పోయెను. జ్ఞాపకము లేని పాఠకునికి ప్రతిదినపు వార్తయు క్రొత్తదే. అట్టివానికి నిన్న చెప్పిన మాటను నేడు త్రిప్పి చెప్పుట సులభము.

మరియొక ప్రమాదము కలదు. దానికి మరల చెక్ దేశమే నిదర్శనము. 1989 తరువాత ఆ దేశమున ప్రభుత్వపు కత్తెర పోయెను. కాని 2013లో ఒక పెద్ద వ్యాపార సంస్థ యజమాని, అప్పటికే రాజకీయములలో దిగిన ఆంద్రేయ్ బాబిష్, అంతటి త్యాగములతో తిరిగి పుట్టిన 'లిదొవే నొవినీ'ని, దాని సోదరపత్రికతో సహా కొనివేసెను. 2017 నుండి 2021 వరకు ఆయనే ప్రధానమంత్రి. 2023లో ఆ పత్రికలు మరియొక ధనికుని చేతికి మారెను. కారాగారమునకు లొంగని పత్రిక కొనుగోలుకు లొంగెను. తెలుగు పాఠకులకు ఈ సంగతి వింతగా తోచదు. ఏ పత్రికకు ఏ రాజకీయ పక్షముతో ఎట్టి సంబంధము కలదో ఊరి టీ అంగడిలోని వారు కూడ చెప్పగలరు. పత్రిక ధర కాగితపు ఖర్చుకే చాలదు. ప్రకటనలవలన గాని అది బ్రతుకదు. ప్రకటన లిచ్చువాడు ప్రభుత్వమైనను, వ్యాపారియైనను, వానిని నొప్పించు వార్త వ్రాయుటకు సంపాదకునికి గుండెదిటవు కావలెను. ఈ సంగతి తెలిసి పత్రికను మానివేయుట మందు కాదు. తెలిసి చదువుటయే మందు.

తెలిసి చదువుట యెట్లు? ఒకే సంఘటనను రెండు పత్రికలలో చదివిన చాలును. ఒకదానిలో మొదటి పుటలో నున్నది రెండవదానిలో లోపలి పుట మూలకు పోయెనా? ఒకటి పేరు చెప్పిన చోట మరియొకటి 'కొందరు' అని విడిచెనా? వార్త చెప్పినవాడు కన్నవాడా, విన్నవాడా? అంకె లిచ్చిరా, విశేషణము లిచ్చిరా? ఎదుటిపక్షము వారి మాట అడిగిరా? ఈ అయిదు ప్రశ్నలు వేసికొనగలవాడు పట్టభద్రుడు కానక్కరలేదు. పంచాయతీలో ఉభయుల వాదము విని తీర్పు చెప్పు గ్రామపెద్దకు ఇవి అలవాటైన ప్రశ్నలే. కాని సాధారణ గృహస్థుడు రెండు మూడు పత్రికలు కొనలేడు. కొనుట ఒక్కటి కొనును. సహజముగ తనకు నచ్చిన మాట చెప్పు పత్రికనే కొనును. ఇంటిలో ఒకే గొంతుక వినబడును. అన్ని గొంతుకలు ఒకే బల్లపై వినబడు చోటు ఊరికంతటికి గ్రంథాలయ మొక్కటే. దానికి సాటియైనది మరియొకటి లేదు.

నేడు ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను ఉన్నది. వార్త క్షణములో వచ్చుచున్నది. పత్రికతో పనియేమి, గ్రంథాలయముతో పనియేమి యని యువకులు అడుగుచున్నారు. సెల్‌ఫోను చెడ్డది కాదు. పెన్నకు వరద వచ్చునప్పుడు ఒడ్డునున్న గ్రామములకు ముందుగా తెలియజేయుటకు దానివంటిది లేదు. కాని ఆ వరద సమయముననే ఎన్నడో, ఎక్కడనో తీసిన బొమ్మను నేటిదని పంపువాడు కూడ దానిలోనే యుండును. పత్రికలో అబద్ధము వ్రాసినచో ప్రచురించినవాని పేరు, అచ్చువేసినవాని పేరు, చిరునామా పత్రికపై నుండవలెనని చట్టము, వానిని నిలదీయవచ్చును. సెల్‌ఫోనులో చేతులు మారి వచ్చిన మాటకు తల్లి యెవరో తండ్రి యెవరో తెలియదు. అంతకంటె ముఖ్యమైన భేదమొకటి కలదు. సెల్‌ఫోనును ఎవనికి వాడు తలవంచి చూచుకొనును. బల్లపైనున్న పత్రికను నలుగురు చదువుదురు. ఒకడు పొరబడిన మరియొకడు దిద్దును. నలుగురి యెదుట చదివిన వార్తను నలుగురు పరీక్షింతురు. రాత్రిబడిలో లాంతరు చుట్టు కూర్చుండి చదువుటచేతనే 'సీతమ్మ కథ' ఉద్యమమయ్యెను. ఏ ఇల్లాలు ఆ ఇంటిలో ఒంటరిగా చదువుకొని యున్నచో అది కన్నీటితో ముగిసెడిది.

కావున ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము రాబోవు కాలమునకు కొన్ని పనులు పెట్టుకొనుట మంచిది. మొదటిది, భిన్నాభిప్రాయములు గల పత్రికలను, కనీసము మూడింటిని, ప్రతిదినము బల్లపై నుంచుట. ఒక పత్రికపై కోపముతో దానిని తొలగింపుమని ఏ పక్షమువారు కోరినను అంగీకరింపరాదు. రెండవది, వారమున కొకనాడు సాయంకాలము ముఖ్యమైన వార్తను రెండు పత్రికల నుండి బిగ్గరగా చదివించి చర్చ జరుపుట. చూపు తగ్గిన వృద్ధులు, చదువు రాని కూలీలు, ఇంటిపనితో తీరిక లేని స్త్రీలు దీనికి రాగల వేళను నిర్ణయింపవలెను. స్త్రీలు రాలేని వేళను పెట్టిన చదువు ఊరి చదువు కాజాలదు.

మూడవది అన్నిటికంటె అవసరమైనది. సంగమును గూర్చియు, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములను గూర్చియు వచ్చు వార్తలను కత్తిరించి, తేదీ, పత్రిక పేరు వ్రాసి, విషయము వారీగా పుస్తకములలో అతికించి భద్రపరచుట. పెన్నపై సంగమువద్ద పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన పాత ఆనకట్ట ఎన్నిమారులు దెబ్బతిన్నదో, రైతులు క్రొత్త బ్యారేజి కొరకు ఎన్ని విన్నపములు పెట్టుకొనిరో, శంకుస్థాపనలకును పూర్తియగుటకును నడుమ ఎన్ని సంవత్సరములు గడచెనో, తుదకు 2022 సెప్టెంబరు 6న బ్యారేజి ప్రారంభమగునాటికి ఎవరెవరు ఏమేమి మాట యిచ్చిరో, ఇవన్నియు ఆయా దినముల పత్రికలలో పడినవే. వానిని ఏర్చి కూర్చి ఒకచోట నుంచిన ఊరు రేపు కాలువ నీటికొరకు అధికారుల యెదుట నిలిచినప్పుడు వట్టి చేతులతో నిలువదు. ఈ పని బడిలో చదువు పిల్లలు చేయగలరు. కత్తెర, జిగురు, ఓపిక చాలును.

ఈ పనులకు ధనమెక్కడిది అను ప్రశ్న రాగలదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ప్రతి గృహస్థుడును ఆ పన్ను చెల్లించుచున్నాడు. చెల్లించినవాడు దాని ఫలమును అడుగుటలో తప్పులేదు. పత్రికల చందా నిలిచినప్పుడు, కుర్చీ విరిగినప్పుడు, దీపము వెలుగనప్పుడు గ్రంథాలయాధికారికి జాబు వ్రాయుట కూడ పాఠకుని బాధ్యతలోనిదే. పత్రికలో ఊరిని గూర్చి తప్పు వార్త పడినచో సాక్ష్యముతో సంపాదకునికి వ్రాసి సవరణ కోరుటయు అట్టిదే.

హావ్లీచెక్ స్థాపించిన పత్రికలు రెండును మూతబడినవి. 'స్వరాజ్య' నిలువలేదు. 'కృష్ణాపత్రిక'కు, 'ఆంధ్రపత్రిక'కు పూర్వవైభవము చెల్లిపోయినది. పత్రికలు పుట్టును, గిట్టును, చేతులు మారును. పాఠకుడు నిలిచియున్నంతవరకు ఈ నష్టము తీరని నష్టము కాదు. ఆ పాఠకుని నిలుపుట గ్రంథాలయమునకు అప్పగింపబడిన పని. ఈ రజతోత్సవము జరిగిన మరునాటి ఉదయమున తలుపులు వేళకు తెరచి, ఆనాటి పత్రికలను బల్లపై నుంచి, నిన్నటివానిని తేదీవారీగ కట్టగట్టి బీరువాలో నుంచుటతో ఆ పని మొదలగును.